ఫిల్ముపై చూపించని గీత

రాష్ట్రం విడిపోయిన మూడో ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, కడప నుంచి కర్నూలుకు నాకు బదిలీ అయింది. అక్కడి ఒక పెద్దాసుపత్రిలో రేడియాలజీ ప్రొఫెసర్ పోస్టు. హోదాలో నా పైన విభాగాధిపతి ఒక్కరే. ఆయనకు మీటింగులతోనే సరిపోయేది కనుక సీటీ స్కాన్ గది మంచిచెడ్డలన్నీ నా నెత్తిన పడ్డాయి. నాకేం అభ్యంతరం లేదు. మీటింగు హాలు కంటే స్కాన్ గదే చల్లగా ఉంటుంది.

మా బంధువుల్లో సగం మందికి నేను ఇప్పటికీ ఎక్స్‌రేలు తీసే డాక్టరమ్మనే. బొమ్మ తీసేది టెక్నీషియన్, దాన్ని చదివి రోగమేమిటో రాసేది రేడియాలజిస్టు అని చెప్పీ చెప్పీ విసిగి చివరికి మానుకున్నాను. రోగులకు కూడా మేము తెలియం. ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. ఎక్కడ కోయాలో రాసిచ్చిన మనిషి ముఖం ఎవరూ చూడరు. ఇది ఫిర్యాదు కాదు, మా వృత్తి అలాంటిది. అయితే కోడుమూరు బస్టాండులో ఒకావిడకు మాత్రం నా ముఖం బాగా తెలుసు. ఆవిడ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

కర్నూలులో నా ముందుకు ఎక్కువగా వచ్చినవి కాళ్లు. కొందరికి షుగర్, కొందరికి బీడీ, చాలామందికి రెండూ. రక్తం సరిగా అందక వేళ్లు నల్లబడి, పుండు మానక, ఊళ్లో కట్టు కట్టించుకుని కట్టించుకుని ఆఖరుకు మా దగ్గరికి వచ్చేవారు. రక్తం ఎక్కడ ఆగిపోయిందో తెలియడానికి సీటీ యాంజియో అనే పరీక్ష చేస్తాం. చేతిలోని సిరలోకి కాంట్రాస్టు మందు ఎక్కిస్తాం. అది ధమనుల్లో పారుతున్నప్పుడు పొట్ట నుంచి కాలివేళ్ల దాకా సన్నటి పొరలు పొరలుగా బొమ్మలు తీస్తాం. ఈ పొరల్ని మేము స్లైసులు అంటాం. ఒక్కో స్లైసులో కాలు అడ్డంగా కోసినట్టు కనిపిస్తుంది. ఎముక తెల్లటి ముద్దలా ఉంటుంది, మందు నిండిన ధమని తెల్లటి చుక్కలా ఉంటుంది.

ఇన్ని స్లైసుల్లో ఆ చుక్క వెంట కిందికి దిగుతూ పోవడం ఓపిక ఉన్నవాళ్ల పని. అందుకని వర్క్‌స్టేషన్ అనే కంప్యూటరు ఒకటి ఇచ్చారు. ముందుగా అది ఎముకల్ని తుడిచేస్తుంది. తర్వాత గజ్జల దగ్గర ఒకచోట, చీలమండ దగ్గర ఒకచోట మనం గుర్తు పెడితే, ఆ రెండింటి మధ్య ధమని లోపల నడిమధ్యగా ఒక గీత గీస్తుంది. లంగా నడుం మడతలో బొందు ఎట్లా పోతుందో ఆ గీత ధమనిలో అట్లా పోవాలి. ఆ గీత ఆధారంగా కంప్యూటరు ధమని వంకరలన్నీ తీసేసి, దాన్ని నిలువుగా చాపి ఒకే బొమ్మలో చూపిస్తుంది. ఎక్కడ సన్నబడింది, ఎక్కడ మూసుకుపోయింది అన్నది ఎవరికైనా కంటికి ఆనుతుంది. సర్జన్లకు ఈ చాపిన బొమ్మంటే మహా ప్రీతి.

ఇందులో ఒక మెలిక ఉంది. బొందు మడతలోంచి బయటికి వచ్చేస్తే ఆ బొమ్మకు విలువ లేదు. గీత ధమనిని వదిలి పక్కకు జరిగిన చోట, చాపిన బొమ్మలో ధమని సన్నబడి మాయమవుతుంది. ధమని ఉన్నచోటే ఉంటుంది, బొమ్మలోకి రాదు, అంతే. కాబట్టి ఆ బొమ్మను నమ్మాలంటే గీత ఎటు పోయిందో కూడా చూడాలి. నేను చేరేనాటికి మా విభాగంలో ఆ గీతను ఫిల్ము మీద చూపించే అలవాటు లేదు. ధమని మీద పచ్చ గీత అడ్డంగా ఉంటే లోపలిది సరిగా కనిపించడం లేదని సర్జరీ విభాగం వాళ్లు ఎప్పుడో అడిగారట. అప్పటి నుంచి టెక్నీషియన్లు గీతను కనబడకుండా చేసి, శుభ్రమైన బొమ్మను ఫిల్ము మీదికి ఎక్కించేవారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. బొమ్మ నిజంగానే చూడముచ్చటగా ఉండేది.

చేరిన కొద్ది నెలలకు, కడపలో ఉండే మా చెల్లెలు పట్టుబడితే, సెలవు పెట్టి వాళ్లందరితో కలిసి గండికోట చూసివచ్చాను. ఎండకు ముఖం మాడిపోయి, కాళ్లు పీకుతూ డ్యూటీకి తిరిగి వచ్చిన రోజున, నా కుర్చీలో నేను సర్దుకుని కూర్చోకముందే సర్జన్ విశ్వనాథ్ ఫైలు పట్టుకుని వచ్చారు. రక్తనాళాల ఆపరేషన్లు చేసేది ఆయనే. ప్రొద్దుటూరు మనిషి, నాకంటే చిన్న, చేతిపనిలో మాత్రం నేను చూసినవాళ్లలో ఆయన్ని మించినవాళ్లు లేరు. నా నోటి దురుసును నవ్వుతూ భరించిన కొద్దిమందిలో ఒకరు. కోట మీది నుంచి చూస్తే కర్నూలు కనబడిందా మేడమ్ అని ఒక చురక వేసి, ఫైలు నా ముందు పెట్టారు.

నా సంతకం కావాలి. మా దగ్గర పద్ధతేమిటంటే, అసిస్టెంట్ రాసిన రిపోర్టు తాత్కాలికం. ప్రొఫెసర్ సంతకం పడితేనే అది ఖాయం. కాలు తీసే కేసుల్లో ఖాయమైన రిపోర్టు లేకుండా మత్తు డాక్టరు రోగిని థియేటర్‌లోకి రానివ్వరు. నేను సెలవులో ఉండగా మా అసిస్టెంట్ ఈ రిపోర్టు రాసి వెళ్లాడు. ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే.

రోగి పేరు హుసేన్‌బీ. కోడుమూరు బస్టాండులో బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్ముతుంది. షుగర్ పాతది. పాదాలకు స్పర్శ తగ్గిపోయి ఉండటంతో, కుడికాలి బొటనవేలి మీద కాగిన నూనె చిందినా ఆమెకు తెలియలేదు. పుండు పడింది, చీము పట్టింది, పక్క వేలు కూడా నల్లబడింది. తొడ కింది భాగంలో పెద్ద ధమని మూసుకుపోయిందని రిపోర్టులో ఉంది. అక్కడ అడ్డు పడితే, దాన్ని దాటించి ఒంట్లోని సిరనే తీసి బైపాస్ వేయవచ్చు, కానీ ఆ సిర కింది కొసను కుట్టడానికి ఏదో ఒక ధమని తెరిచి ఉండాలి. మోకాలి కింద ముఖ్యమైనవి మూడు. మూడూ మూసుకుపోయాయని రాశాడు మా అసిస్టెంట్. ముందువైపు ధమని పిక్క మధ్య దాకా వచ్చి ఆగిపోయినట్టు చాపిన బొమ్మలో స్పష్టంగా ఉంది. కుట్టడానికి చోటు లేదు కనుక కాలు మోకాలి కింద తీసేయడమే దారి. తర్కంలో లోపం లేదు. సంతకం పెట్టడానికి పెన్ను మూత కూడా తీశాను.

నన్ను ఆపింది విశ్వనాథ్ మాటే. ఫైలు వైపు చూడకుండా, తనలో తాను అనుకున్నట్టు, వేళ్లు పోయినాయి గానీ పాదం పైభాగం ఇంకా బాగానే ఉండాది మేడమ్, అయినా ఏం లాభం అన్నారు. మూడు ధమనులూ మూసుకుపోయిన పాదం అన్నాళ్లు బాగుండటమేమిటి? ఫిల్మును మళ్లీ దీపపు పెట్టె మీద పెట్టాను. చాలాకాలంగా అడ్డుపడిన చోట చుట్టూ చిన్న చిన్న పక్కదారులు పుట్టుకొస్తాయి. తొడ దగ్గర అవి గుబురుగా ఉన్నాయి. పిక్క దగ్గర కూడా నిజంగా అడ్డుంటే అలాగే ఉండాలి, ఒక్కటీ లేదు. ధమని చెక్కిన పెన్సిలు మొనలాగా నున్నగా సన్నబడి మాయమైంది. సంతకం పెట్టను, స్లైసులు చూడాలి అని చెప్పాను.

విశ్వనాథ్ ముఖంలో నవ్వు పోయింది. ఆయన కోపానికి కారణం ఉంది, అది ఇక్కడ రాయకపోతే అన్యాయం. ఆమెకు జ్వరం మొదలైంది. చీము పాదంలోంచి పైకి పాకితే మోకాలు కూడా దక్కదు. మోకాలు మిగిలితే కృత్రిమ కాలుతో నడవడం నేర్చుకోవచ్చు, మోకాలే పోతే ఆ వయసులో మంచానికి పరిమితం. ఇంకా పాకితే ప్రాణానికే ముప్పు. ఆమెనూ భర్తనూ ఒప్పించి సంతకాలు తీసుకోవడానికి ఆయనకు తల ప్రాణం తోకకు వచ్చింది. ఇప్పుడు ఆశ చూపించి, మళ్లీ లేదనడం తన వల్ల కాదన్నారు. సాయంత్రం లోగా తేల్చకపోతే రేపు థియేటర్ దొరకదని కూడా చెప్పారు. నాకూ కోపం వచ్చింది. థియేటర్ దొరక్కపోతే ఎల్లుండి దొరుకుతుంది, కాలు ఏ రోజూ దొరకదు అన్నాను. ఆయన ఫైలు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

సీటీ టెక్నీషియన్ నాగరాజు ఓర్వకల్లు నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు. పని తెలిసినవాడు, మాట పడడు. వర్క్‌స్టేషన్ ముందు కూర్చోబెట్టి, హుసేన్‌బీ బొమ్మలు తెరిచి గీతను కనబడేటట్టు పెట్టమన్నాను. పచ్చ గీత తొడ దాకా సరిగానే వచ్చింది, మోకాలు దాటింది, పిక్క సగం దాకా ముందువైపు ధమనిలోనే దిగింది. అక్కడ పక్కకు వంగింది. ఆ వంపు దగ్గర నుంచి అది ధమనిలో లేదు.

"సూడండి మేడమ్, ఎముక అంచు పట్టుకోని పోతాండాది," అన్నాడు నాగరాజు. గొంతులో తత్తరపాటు ఉంది.

జరిగిందేమిటో విప్పి చెబుతాను. ముందువైపు ధమని పిక్క కింది సగంలో కాలి పెద్ద ఎముకను ఆనుకుని దిగుతుంది. షుగర్ పాతబడినవాళ్లకు ధమని గోడలో సున్నం పేరుకుంటుంది. సీటీలో సున్నమూ తెల్లగానే ఉంటుంది, ఎముకా తెల్లగానే ఉంటుంది. పక్కపక్కనే ఉన్న ఆ రెండింటినీ కంప్యూటరు ఒకటే అనుకుంది. ఎముకను తుడిచేటప్పుడు దాంతోపాటు ధమనిని కూడా తుడిచేసింది. తర్వాత గీత గీయమంటే, చీలమండ దగ్గర పెట్టిన గుర్తుకు ఎలాగైనా చేరాలి కనుక, తుడుపులో మిగిలిపోయిన ఎముక అంచు తెల్లదనాన్ని పట్టుకుని పోయింది. ఆ గీత చుట్టూ ధమని లేదు, ఖాళీ ఉంది. చాపిన బొమ్మలో ఆ ఖాళీయే కనిపించింది. గీత కూడా కనబడి ఉంటే, ధమనిని వదిలి ఎముక వైపు వంగడం చూసి మా అసిస్టెంట్ కూడా పట్టుకునేవాడే. కానీ గీత మేము దాచిపెట్టిందాయె.

నాగరాజును నాలుగు దులిపాను. అతను ఊరుకోలేదు. సర్జరీ వాళ్లే గదా మేడమ్ గీత వద్దనింది, నేను చేరినప్పటి సంది ఇట్లనే ఇస్తాండాం అన్నాడు. అది నిజమే కనుక నేనే నోరు మూసుకోవలసి వచ్చింది.

తుడిచిన ఎముకలన్నీ తిరిగి రప్పించి, కంప్యూటరు గీతను చెరిపేసి, చేత్తో గీయడం మొదలుపెట్టాం. ఒక స్లైసు తెరవడం, ఎముక పక్కన ధమని చుక్కను వెతకడం, దాని నడిమధ్య గుర్తు పెట్టడం, కిందికి జరగడం. సున్నం ఉన్నచోట తెల్లదనం పొంగి ఎముకలో కలిసిపోయినట్టు ఉంటుంది. అక్కడ బొమ్మ వెలుతురు తగ్గించుకుని, ఎముక అంచు ఎక్కడ ముగిసిందో ధమని అంచు ఎక్కడ మొదలైందో కళ్లు చికిలించి చూడాలి. నాగరాజు టీ తెప్పించాడు, అది చల్లారిపోయింది. గుర్తు తర్వాత గుర్తు పెడుతూ దిగితే, ఆగిపోయిందన్న ధమని పిక్క దాటింది, చీలమండ దాటింది, పాదం పైకి ఎక్కింది. కొత్త గీత మీద ధమనిని చాపి చూస్తే పైనుంచి కింది దాకా సన్నటి దారి ఒకటి వచ్చింది. నాగరాజు కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాడు. నాకు మాత్రం సంతోషం కంటే భయమే ముందు వేసింది. సున్నం గట్టిగా ఉన్న ధమనిలో ఆ తెల్లదనం రక్తానిదా, సున్నానిదేనా అని సీటీ ఖాయంగా చెప్పలేదు. లోపల రక్తం పారకుండా వట్టి సున్నపు గొట్టమే మిగిలి ఉంటే, అక్కడ బైపాస్ కుట్టినా ప్రయోజనం లేదు. ఆ ఆపరేషన్‌తో పోయిన సమయంలో చీము పైకి పాకుతుంది, విశ్వనాథ్ భయపడినదే జరుగుతుంది. కాబట్టి రక్తం పారుతోందని కళ్లతో చూడాలి, చెవితో వినాలి. దానికి డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ పరీక్ష ఉంది. హుసేన్‌బీని నా గదికి తీసుకురమ్మని వార్డుకు కబురు పెట్టాను.

స్ట్రెచర్ మీద వచ్చింది. నల్లగా, పొట్టిగా, చేతుల నిండా నూనె చుక్కల మచ్చలు. పక్కన భర్త పీరాసాబ్, పాత పరుపులు విప్పి దూది ఏకి మళ్లీ కుట్టే మనిషి, భార్య చెప్పుల్ని రెండు చేతులతో పట్టుకుని వచ్చాడు. ఆ చెప్పులు ఎందుకు తెచ్చాడో నాకు అర్థం కాలేదు, అడగలేదు కూడా.

"రేపు తీసేసే కాలికి ఈ పొద్దు పరీచ్చ ఎందుకు మేడమ్?" అని ఆమె అడిగింది. ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఏమని చెప్పాలి? ఆశ చూపించవద్దని విశ్వనాథ్ చెప్పింది న్యాయమే. అలాగని అబద్ధం ఆడలేను. మిషన్ గీసిన గీత ఒకటి తప్పుగా ఉంది, దాన్ని సరిచూసుకుంటున్నాను, ఇంతకంటే ఇప్పుడే ఏమీ చెప్పలేను అన్నాను. పీరాసాబ్ చెప్పులు కింద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాసేపటికి, మోకాలన్నా ఉంటాదా మేడమ్ అని గొణిగినట్టు అడిగాడు. నేను మిషన్ ఆన్ చేశాను.

డాప్లర్ ప్రోబ్‌ను పాదం పైన ఆనించాను. చర్మం పల్చన, అడుగున ధమని ఇంకా పల్చన. కొంచెం గట్టిగా నొక్కితే ఉన్న రక్తమూ ఆగిపోతుంది, అందుకని ప్రోబ్ బరువు కూడా పడకుండా వేళ్ల మధ్య పట్టుకోవాలి. తెర మీద రంగు లేదు. స్పీకరులో గాలి హోరు తప్ప శబ్దం లేదు. చీలమండ దగ్గర చూశాను, అక్కడా లేదు. పిక్క కింద చూస్తే సున్నం నీడలు పడి ఏమీ కనిపించలేదు. గొడవ పడి, పని ఆపించి, ఇంత చేసి చివరికి ఇదా అనిపించింది.

అప్పుడు ఆమెను లేపి, మంచం అంచున కూర్చోబెట్టి, కాలు కిందికి వేలాడేయమన్నాను. రక్తపు ఒత్తిడి బాగా తక్కువగా ఉన్న కాలిని పడుకోబెట్టి చూస్తే ప్రవాహం తెలియకపోవచ్చు, కిందికి వేలాడేస్తే కాస్త దిగుతుంది. మేము నేర్చుకునే రోజుల్లో చెప్పిన సంగతే, రద్దీలో ఎవరూ చేయరు. ఆమె భర్త భుజం పట్టుకుని కూర్చుంది. నేను నేల మీద చతికిలబడి ప్రోబ్ పెట్టాను. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత స్పీకరులో మెల్లగా ఉస్సు, ఉస్సు అని వచ్చింది. తెర మీద సన్నటి ఎర్రచారిక వెలిగి ఆరింది, మళ్లీ వెలిగింది. అక్కడ నుంచి ప్రోబ్‌ను కాలి మీద పైకి జరుపుకుంటూ పోయాను. సున్నం అడ్డుపడిన చోట పోయి, దాటిన చోట మళ్లీ వచ్చింది. ప్రవాహం పైనుంచి కిందికే ఉంది, పక్కదారి నుంచి వెనక్కి వచ్చేది కాదు.

"అది నా కాలిదేనా సప్పుడు?" అంది హుసేన్‌బీ. అవునన్నాను. పీరాసాబ్ వంగి చెప్పులు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

విశ్వనాథ్‌కు ఫోన్ చేశాను. రిపోర్టు రాసి పంపిస్తే చాలదని, వచ్చి వినాలని అడిగాను. వచ్చారు. కోపం ముఖంలోనే ఉంది. నేల మీద నా పక్కనే మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ప్రోబ్ నా చేతిలోంచి తీసుకుని, కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత వర్క్‌స్టేషన్ దగ్గరికి వచ్చి, పాత గీతా కొత్త గీతా పక్కపక్కన పెట్టించుకుని చూశారు. ఆ పాత గీతను ఎందుకు దాచినారు అని నాగరాజును అడిగారు. నాగరాజు నా వైపు చూశాడు. నేను విశ్వనాథ్ వైపు చూశాను. ఆయనకు అర్థమైంది. మా వాళ్లే అడిగినారు గదా అని తనే అని, తలకాయ పట్టుకున్నారు.

మర్నాడు థియేటర్ ఆమెకే వాడారు, వేరే ఆపరేషన్‌కు. ఎడమకాలి నుంచి పొడుగాటి సిర తీసి, కుడి తొడ నుంచి చీలమండ దాకా కొత్త దారి వేశారు. నల్లబడిన రెండు వేళ్లూ తీసేసి, చీము అంతా కడిగేశారు. అంతటితో గట్టెక్కిందని ఎవరమూ అనుకోలేదు. జ్వరం తగ్గడానికి చాలా రోజులు పట్టింది. ఒకసారి పాదం చల్లబడిందని కబురు వస్తే, పరుగున వార్డుకు పోయి డాప్లర్ పెట్టి చూశాను. శబ్దం ఉంది. ఆ తర్వాత రోజూ ఏదో ఒక వంకతో ఆ వార్డు మీదుగా పోయేదాన్ని. రేడియాలజిస్టు వార్డుల్లో తిరగడమేమిటని నర్సులు నవ్వుకున్నారు. నవ్వుకోనీ. చివరికి పుండు మానింది, పాదం నిలిచింది.

ఇక గీత సంగతి. విభాగాధిపతి సెలవులో ఉన్న సమయం చూసుకుని నేనే ఒక ఉత్తర్వు రాయించాను. చాపిన బొమ్మ ఏది ఇచ్చినా మొదటి ఫిల్ము మీద గీత కనబడి తీరాలి, ధమనిని రెండు మూడు కోణాల్లో తిప్పి చూపాలి, శుభ్రమైన బొమ్మ కావాలంటే ఆ తర్వాత ఇవ్వాలి. మోకాలి కింద సున్నం ఉన్న కేసుల్లో ఎముకలు తుడవకుండా స్లైసులు చూసినట్టు రిపోర్టులో రాయాలి. మూసుకుపోయిందని రాసేముందు డాప్లర్ చూడాలి. సర్జరీ విభాగంలో కొందరు సణిగారు. వాళ్లకు నేను చెప్పేలోగా విశ్వనాథే చెప్పారు. మా అసిస్టెంట్ నా ముందుకు రావడానికి కొన్నాళ్లు జంకాడు. అతన్ని పిలిచి ఆ కేసు మొత్తం తనచేతనే మళ్లీ గీయించాను, తిట్టలేదు. గీత దాచిన ఫిల్ము చేతికిస్తే ఎవరైనా అలాగే రాసేవారు.

రిటైరయ్యే ముందు, ఒక పెళ్లికి పోతూ కోడుమూరు బస్టాండులో దిగాను. ఉగ్గాని బండి చుట్టూ జనం. మధ్యలో హుసేన్‌బీ బాణలి ముందు నిలబడి బజ్జీలు వేస్తోంది. కాళ్లకు బిగించి కట్టుకునే మూత ఉన్న చెప్పులు. వేళ్లు కాలకుండా పీరాసాబ్ కుట్టించాడట. నన్ను చూడగానే గరిటె భర్త చేతికిచ్చి బయటికి వచ్చింది. రోజంతా నిలబడితే కాలు లాగుతోందా అని అడిగాను.

"లాగుతాది మేడమ్. లాగనీ," అంది. "లాగేదానికి కాలు ఉండాది గదా."

ఉగ్గాని పొట్లం కట్టి ఇచ్చింది. దుడ్లు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఉద్యోగంలో ఆ ఒక్క ఘటన నాకు నేర్పింది ఇది. కంప్యూటరు ఇచ్చే బొమ్మ శరీరం బొమ్మ కాదు, తాను గీసుకున్న గీత వెంట తనకు కనిపించినదాని బొమ్మ. ఆ గీత తప్పిపోవడం సహజం, తప్పితే దిద్దవచ్చు. దిద్దాలంటే అది కనబడాలి. హుసేన్‌బీ కాలును ఇంచుమించు పోగొట్టింది తప్పిన గీత కాదు, అడ్డుగా ఉందని మేమంతా కలిసి కనబడకుండా చేసిన గీత.